మోటార్లు ఎదురుపడే ఊరు

వనపర్తి
స్వభాను నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి

జములమ్మకు, నీ బావ భీమన్న వనపర్తి నుంచి రాస్తున్నాడు.

నేను బాగున్నాను. అమ్మ, నువ్వు ఇద్దరూ బాగున్నారని అనుకుంటాను. ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చుని చదువు. సంగతి మంచిది. మనకు ఇల్లు దొరికింది.

ఉగాదికి వచ్చినప్పుడు నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. "రెండేండ్లాయె బావా, నువ్వటు నేనిటు. ఇంక నాతోని కాదు" అన్నావు. నేను రైలుకు బయలుదేరుతుంటే వాడిన ముఖంతో వాకిట్లో నిలబడ్డావు. ఆ ముఖం కళ్లముందు పెట్టుకునే ఇక్కడ తిరిగాను.

డాక్టర్ సాబు సోమ, మంగళ, బుధవారాలు వనపర్తిలో, తక్కిన మూడు రోజులు నాగర్‌కర్నూల్‌లో రోగులను చూస్తాడు కదా. ఆయనకు రెండు ఊళ్లలోనూ ఇళ్లున్నాయి. మందుల పెట్టె పట్టుకుని వెనుక తిరిగే కాంపౌండర్‌కు, అదే నీ మొగుడికి, ఒక్కటీ లేదని నీ బాధ. ఇప్పుడు వనపర్తిలో దొరికింది. తూర్పు వాకిలి. ముందర అరుగు. పెరట్లోనే బావి, నీళ్లు తియ్యగా ఉన్నాయి. కిరాయి నెలకు మూడు రూపాయలు. ఇంటివాళ్లు నెమ్మదస్తులు.

అయితే ఆషాఢం వస్తున్నది. ఆషాఢంలో కొత్త ఇంట్లో కాలు పెట్టకూడదని అమ్మే అంటుంది. పైకప్పు కూడా కొంచెం బాగు చేయించాలి. శ్రావణంలో చూద్దాం.

నీ బావ
భీమన్న


గద్వాల
జ్యేష్ఠ బహుళ తదియ

బావకు జములమ్మ దండాలు.

నువ్వు కూర్చుని చదవమన్నావు గానీ నేను వాకిట్లో నిలబడే చదివాను. తర్వాత కూర్చుని మళ్లీ చదివాను. అత్తకు చదివి వినిపిస్తే, "మావోడు అన్నడంటే చేస్తడు. జర ఆల్చమైతది గానీ చేస్తడు" అంది. అని, పక్కింటికి పోయి చెప్పి వచ్చింది. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది.

పక్కింటి మెహబూబీకి నాకంటే సంతోషం. వాళ్ల తమ్ముడు చోటే మియా వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య మోటారు నడుపుతాడు కదా. "మా తమ్మునికి చెప్త. నిన్ను ముందల సీట్ల కూసోబెట్టుకొని తోలుకపోతడు" అంటున్నది.

ఇవి అడుగుతున్నాను, విసుక్కోకుండా జవాబు రాయి. వంటిల్లు ఇంట్లో కలిసి ఉందా, వేరేగా ఉందా? పొగ పోయే దారి ఉందా? రుబ్బురోలు అక్కడ ఉందా, ఇక్కడిది తేవాలా? నువ్వు నాగర్‌కర్నూల్ పోయిన మూడు రోజులు నాకు పక్కన ఎవరుంటారు? ఆ ఇంటివాళ్ల ఆడవాళ్లు మాట్లాడే మనుషులేనా?

ఇంకో సంగతి ఉంది. అది ఎదురుగా ఉన్నప్పుడే చెప్తాను. ఉత్తరంలో రాసేది కాదు.

జములమ్మ


నాగర్‌కర్నూల్
ఆషాఢ శుద్ధ షష్ఠి

జములమ్మకు భీమన్న రాయడం.

వంటిల్లు వేరేగా ఉంది. పొగకు ఇబ్బంది లేదు. రుబ్బురోలు అక్కడ ఉంది, నువ్వు మోసుకుని రావద్దు. బావి వీధి చివర ఉంది, నాలుగు అడుగులే. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే కొంచెం ఎండ ముఖాన కొడుతుంది గానీ తడక కట్టుకుంటే సరిపోతుంది. ఇంటివాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. నిన్ను చూడాలని తొందరపడుతున్నది.

కష్టమంతా పెంకుల దగ్గరే వచ్చింది. ఆ పెద్ద యుద్ధం, లడాయి మొదలైనప్పటి నుంచి ఏ సరుకూ దొరకడం లేదు. వానలు కూడా పట్టుకున్నాయి. శ్రావణం కాదు, దసరా దాకా ఆగితే మంచిదని నాకు తోస్తున్నది.

ఆ ఇంకో సంగతి ఏమిటో రాయి. మనసు అక్కడే ఉంది.

భీమన్న


గద్వాల
ఆషాఢ బహుళ విదియ

బావకు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటి దానిలో బావి పెరట్లో ఉంది. రెండో దానిలో వీధి చివరికి పోయింది. మొదటి దానిలో వాకిలి తూర్పుకు ఉంది. తూర్పు వాకిలి ఇంటి ముందరి అరుగు మీద సాయంత్రం ఎండ ఎట్లా కొడుతుందా అని రెండు రోజులు ఆలోచించాను. మన ఇల్లు కూడా తూర్పు వాకిలే కదా, అరుగు మీద కూర్చునే ఆలోచించాను.

మొన్న చోటే మియా అక్కను చూడడానికి వచ్చాడు. నేను మజ్జిగ ఇచ్చి అడిగాను.

"అన్నా, వనపర్తిల మా ఇల్లు చూసినవా?"

"ఏ ఇల్లు చెల్లె?"

"మా బావ కిరాయికి తీసుకున్న ఇల్లు."

ఆయన మెహబూబీ వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. "చెల్లె, నేను ఝూట్ చెప్ప. నాకు తెల్వని ఇల్లేమన్న ఉంటే ఉండొచ్చు. భీమన్న అయితే వనపర్తిల ఉండే మూడు దినాలు నా మోటర్ల పండుతుండు, ఎన్క సీటు మీద. నాగర్‌కర్నూల్ల డాక్టర్ సాబు బల్ల మీద పండుతుండు. మోటరు కప్పు కారుతది. గోనెసంచి కప్పుకొమ్మని నేనే ఇచ్చిన."

నాకు ఇల్లు లేదని ఏడుపు రాలేదు బావా. నేను నిన్ను ఇల్లు అడగలేదు. నీ దగ్గర ఉంటానని అడిగాను. నువ్వు నాకు అరుగు ఒకటి, బావి ఒకటి రాసి పంపావు.

మన పిల్లవాడు పుట్టి పదో రోజున పోయాడు. పోయిన మూడో నాడు నువ్వు వచ్చావు. కబురు అందగానే బయలుదేరాను, మోటారు దొరకలేదు అన్నావు. రెండేళ్లుగా ఆ మాట నమ్ముకుని ఉన్నాను. ఇప్పుడు అది నిజమో కాదో నాకు తెలియకుండా పోయింది.

నిజం రాయి. రాయలేకపోతే ఏమీ రాయకు. ఆ ఇంకో సంగతి నేను చెప్పను.

జములమ్మ


వనపర్తి
ఆషాఢ బహుళ ఏకాదశి

జములమ్మకు.

చోటే మియా చెప్పిందంతా నిజం. ఇల్లు లేదు. పెంకులు లేవు. పెద్దావిడ లేదు.

ముందు పిల్లవాడి సంగతి చెబుతాను. కబురు అందిన రోజు నేను నాగర్‌కర్నూల్‌లో ఉన్నాను. ఆ రోజు మోటారు చెడిపోయింది. వనపర్తి దాకా నడిచాను. అక్కడి నుంచి వనపర్తి రోడ్డు స్టేషన్‌కు కొంత దూరం ఎద్దుల బండి మీద, కొంత దూరం మళ్లీ నడిచి పోయాను. నేను పట్టాల దగ్గరికి చేరేసరికి రైలు కదిలింది. పరుగెత్తాను గానీ అందలేదు. మర్నాటి దాకా ఆ స్టేషన్‌లోనే కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఇదంతా చెబితే సాకులు చెప్పినట్టు ఉంటుందని, మోటారు దొరకలేదని ఒక్క ముక్క అని ఊరుకున్నాను. ఇది నిజం. నమ్మమని అడిగే మొహం ఇప్పుడు నాకు లేదు.

ఇంటి కోసం తిరగడం మాత్రం అబద్ధం కాదు. వనపర్తిలో మొదట అడిగిన ఇంటాయన, "నీ ఇంటిదేది?" అన్నాడు. ఊర్లో ఉందన్నాను. "ఆడమనిషి లేనోనికి ఇల్లియ్యం. తోలుకొని రా, అప్పుడిస్తం" అన్నాడు. "ఇల్లు లేంది యాడికి తోలుకొస్త?" అన్నాను. "అది నీ పరేషాన్" అని తలుపు వేసుకున్నాడు.

రెండో చోట కిరాయి ఆరు చెప్పారు. నా జీతంలో సగానికి తక్కువేమీ కాదు. లడాయి వచ్చాక పట్నం నుంచి వచ్చిన నౌకరీవాళ్లు ఎంతంటే అంత ఇస్తున్నారట. మూడో చోట కిరాయి కుదిరింది. ఇంటి ముసలాయన అంతా విని, "సగం వారం నువ్వుండవు. వయసు పిల్లను మా మీద ఇడ్సిపెట్టి పోతవా? ఏమన్నయితే జవాబు ఎవరు చెప్తరు?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నాగర్‌కర్నూల్‌లో అడిగినా అదే మాట, రోజులే మారాయి. ఎక్కడ ఇల్లు తీసుకున్నా నువ్వు మూడు రోజులు ఒంటరిగా ఉండాలి. అప్పుడు నిన్ను తెచ్చి ఏం లాభం?

ఇంకా దొరకలేదని రాద్దామనే కలం పట్టాను. నీ ముఖం గుర్తుకు వచ్చింది. చెయ్యి దొరికిందని రాసింది. వారంలో నిజం చేస్తాననుకున్నాను. కాలేదు. అంతే.

భీమన్న


గద్వాల
శ్రావణ శుద్ధ చవితి

బావకు జములమ్మ దండాలు.

నమ్మాను. రైలు నీ కళ్లముందు కదిలిపోయిందని రెండేళ్ల కిందటే చెబితే, నీ మీద పెట్టుకున్న కోపమంతా రైలు మీద పెట్టుకునేదాన్ని.

నీ ఉత్తరం ఒక్క మాట వదలకుండా అత్తకు చదివాను. అత్త అంతా విని, "గోనెసంచి కప్పుకుంటుండా నా కొడుకు" అంది. లేచి పెట్టెలోంచి గొంగడి తీసి ఎండలో వేసింది. చోటే మియా మళ్లీ వస్తే ఇచ్చి పంపుతుంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ రోజు చోటే మియా పోయే ముందు నేను ఇంకో మాట అడిగాను, కోపంలో అది నీకు రాయలేదు. ఆయన మోటారు పొద్దున వనపర్తిలో బయలుదేరి నాగర్‌కర్నూల్ పోయి సాయంత్రానికి వనపర్తికి తిరిగి వస్తుంది. నాగప్ప అనే ఆయన నడిపే మోటారు పొద్దున నాగర్‌కర్నూల్‌లో బయలుదేరి వనపర్తి పోయి తిరిగి వెళ్తుంది. అంతే కదా.

"మీ రెండు మోటర్లు తొవ్వల యాడ ఎదురైతయి అన్నా?" అన్నాను.

"గోపాల్‌పేటల. పొద్దున ఒకపారి, మాపటికి ఒకపారి. ఇప్పుడు పెట్రోలు లేదు గద, బొగ్గుతోని నడిపిస్తున్నం. రెండు బండ్లూ ఆడనే ఆపి బొగ్గు పోసుకుంటం, నీళ్లు పోసుకుంటం" అన్నాడు.

మనం ఇన్నాళ్లు ఈ చివర ఇల్లా, ఆ చివర ఇల్లా అని కొట్టుకున్నాం. గోపాల్‌పేటలో ఉంటే, సోమవారం నుంచి మూడు రోజులు పొద్దున నాగప్ప మోటారెక్కి వనపర్తి పో. తక్కిన మూడు రోజులు చోటే మియా మోటారెక్కి నాగర్‌కర్నూల్ పో. ఏది ఎక్కినా సాయంత్రం అదే మోటారు నిన్ను తెచ్చి గోపాల్‌పేటలోనే దించుతుంది. రోజూ ఇంటికి వస్తావు. పెద్ద ఊరు కాదు కాబట్టి కిరాయి కూడా తక్కువే ఉంటుంది. మోటారు ఛార్జీ మాట చోటే మియాతో మాట్లాడాను. జనాల సామాను ఎక్కించి దించేటప్పుడు నువ్వు ఒక చెయ్యి వేస్తే, ఛార్జీ వద్దని మోటారు యజమానికి తాను చెప్పుకుంటానన్నాడు.

ఈ ఆదివారం పోయి చూసి రా. చూసింది చూసినట్టు రాయి. వాకిలి ఏ దిక్కుకు ఉన్నా సరే.

జములమ్మ


వనపర్తి
శ్రావణ బహుళ సప్తమి

జములమ్మకు.

మూడు ఆదివారాలు పోయాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గోపాల్‌పేటలో మోటార్లు ఆగే చోట బాలన్న అని ఒక కమ్మరి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. మోటార్లకు బొగ్గు అమ్మేది ఆయనే. కొలిమి పక్కన ఆయన ఇల్లు, దాన్ని ఆనుకుని ఇంకో చిన్న ఇల్లు. రెండింటికీ నడుమ ఒకే గోడ. ఆ చిన్న ఇంటికి రెండేళ్లుగా తాళం ఉంది. వాకిలి దక్షిణానికి. అరుగు లేదు. వంటకు ఒక మూల ఉంది, పొగ గదంతా తిరిగి గానీ పోదు. బావి ఉమ్మడిది, నూరు అడుగులు ఉంటుంది, లెక్కపెట్టి నడిచాను. కిరాయి ఒకటిన్నర అన్నాడు.

ఇంత తక్కువ ఎందుకని ఊర్లో విచారించాను. ఇంతకుముందు లాగా అయితే ఈ ముక్క నీకు రాసేవాణ్ణి కాదు. బాలన్న కోడలు ఆ ఇంట్లో కాన్పు కష్టమై చనిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు. కొడుకు ఆ బాధతో పని వెతుక్కుంటూ బొంబాయి పోయాడు, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆ ఇల్లు ఎవరూ అడగరు. అందులో ఉన్నవాళ్లకు మంచి జరగదని అనుకుంటారు.

బాలన్ననే అడిగాను. "నిజమే. దాస్త ఎందుకు? ఉంటానంటే ఉండుండ్రి. తాళమేసి చెదలు పట్టిస్తున్న" అన్నాడు.

నా భార్యను అడిగి చెబుతానన్నాను. నాకైతే భయం లేదు. కానీ పిల్లవాణ్ణి పోగొట్టుకున్న దానివి నువ్వు. నువ్వు వద్దంటే ఇంకో ఊరు వెతుకుతాను.

భీమన్న


గద్వాల
భాద్రపద శుద్ధ చవితి

బావకు జములమ్మ దండాలు.

ఇప్పుడు ఆ ఇంకో సంగతి రాస్తాను. నాకు ఐదో నెల.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. పోయినసారి తెలిసిన వారంలోనే రాశాను. నువ్వు ఆస్పత్రికి వచ్చిన రోగులకు కూడా బెల్లం పంచావు. ఈసారి ఎవరికీ చెప్పకుండా మోస్తే నిలుస్తుందేమో అని ఒక పిచ్చి ఊహ. జ్యేష్ఠంలో ఎదురుగా చెబుదామనుకున్నాను. తర్వాత నీ మీద కోపంతో దాచాను. నువ్వు ఇల్లు దాచావు, నేను ఇది దాచాను. నిన్ను అన్ని మాటలు అన్నాను గానీ నేనేమీ తక్కువ చేయలేదు.

అత్తకు మాత్రం మూడో నెలలోనే తెలిసింది. నేను చెప్పలేదు, ఆమే కనిపెట్టింది. "వానికి నువ్వే చెప్పుకో" అని ఊరుకుంది.

ఆ ఇల్లంటే నాకు భయం లేదు. ఆ మాటకొస్తే భయం నాకు ఇక్కడే ఉంది, నువ్వు లేనిచోట నొప్పులు వస్తే ఎట్లా అని. మా అమ్మ ఉంటే పుట్టింటికి పోయేదాన్ని. ఇప్పుడు నాకు మీరిద్దరే కదా.

కానీ బాలన్నకు నా సంగతి ముందే చెప్పు. ఆయన మనకు ఏమీ దాచలేదు. ఆయనకు తెలియకుండా కడుపుతో ఆ గడప దాటను.

జములమ్మ


నాగర్‌కర్నూల్
భాద్రపద శుద్ధ ద్వాదశి

జములమ్మకు.

నీ ఉత్తరం అందినప్పుడు దగ్గు మందు కలుపుతున్నాను. చదివాక ఎన్ని చుక్కలు వేశానో మరిచిపోయి అంతా పారబోసి మళ్లీ కలిపాను. డాక్టర్ సాబు ఏమైందని అడిగాడు. చెప్పాను. ఈసారి బెల్లం పంచలేదు. నీకు బలానికి ఒక మందు ఇచ్చాడు, చోటే మియాతో పంపుతున్నాను. పూటకు ఒక చెంచా, అన్నం తిన్నాక.

బాలన్నకు చెప్పాను. ఇది సంతోషంగా రాసే భాగం కాదు.

ఆయన కొలిమి దగ్గర పట్టుకారుతో ఇనుము పట్టుకుని ఉన్నాడు. నేను చెప్పగానే దాన్ని నీళ్లలో ముంచి పక్కన పెట్టాడు. "గట్లయితే వద్దు కాంపౌండరు" అన్నాడు. "తప్పు పట్టకు. నీ పెండ్లానికి ఏమన్నయితదని కాదు. ఆ గోడకు ఇవతల నేను పండుకుంటా. ఆ పిల్ల మొత్తుకున్నదంతా నేను ఇన్న. మల్లొకపారి ఇననీకె నాతోని కాదు."

ఇల్లు చూడడానికి ఆయన ఇచ్చిన తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు ఇద్దరం మోటారు వచ్చేదాకా పక్కపక్కనే కూర్చున్నాం.

ఏం చెయ్యమంటావో రాయి. రోజులు దగ్గర పడుతున్నాయి.

భీమన్న


గద్వాల
భాద్రపద బహుళ పంచమి

బావకు జములమ్మ దండాలు.

ఇందులో ఇంకో కాగితం ఉంది. అది నీకు కాదు, బాలన్నకు. ఆయనకు చదువు రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించు. ఎవరూ లేనప్పుడు చదువు. చదివాక ఏమీ అడగకు, వచ్చెయ్.

జములమ్మ

(ఆ కాగితం)

గోపాల్‌పేట బాలన్న మామకు, గద్వాల నుంచి కాంపౌండర్ భీమన్న భార్య జములమ్మ దండం పెట్టి రాసుకున్నది.

మామా, నువ్వు వద్దన్నది ఎందుకో నాకు తెలిసింది. కోపం లేదు. ఒక్క మాట చెప్పుకుంటాను.

నేనిప్పుడు కూర్చుని రాస్తున్న ఇంట్లోనే రెండేళ్ల కింద నా కొడుకు పోయాడు. పది రోజుల పిల్లవాడు. మా అత్త ఒళ్లో పోయాడు. మర్నాడు మా అత్త ఈ ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. ఆ మూలనే నేను ఇప్పటికీ పడుకుంటాను. మా ఇల్లు మంచిది కాదని ఎవరూ అనలేదు, ఎందుకంటే మేం దీనికి తాళం వెయ్యలేదు. వేసి ఉంటే అనేవాళ్లే.

నీ కోడలి గొంతు నువ్వు మరిచిపోవాలని నేను అడగను. నా కొడుకు ఏడుపు నేను మరిచిపోలేదు. కానీ ఆ గోడ అవతల ఇంకో చప్పుడు ఏదీ లేకపోతే, నీకు రోజూ ఆ ఒక్కటే వినపడుతుంది. మేం వస్తే పొద్దున చీపురు చప్పుడు, గిన్నెల చప్పుడు వినపడతాయి. మా అత్త గట్టిగా మాట్లాడుతుంది, అది కూడా వినపడుతుంది.

నా కాన్పు నాడు నువ్వు వినలేకపోతే ఊరవతలికి పోయి కూర్చో. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఒక్కరోజు కోసం తక్కిన రోజులన్నీ వద్దనకు.

నీ కోడలి పేరు నాకు తెలియదు. వచ్చినప్పుడు చెప్పు.


వనపర్తి
ఆశ్వయుజ శుద్ధ విదియ

జములమ్మకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆదివారం మధ్యాహ్నం కొలిమి ఆరిపోయాక, ఎవరూ లేనప్పుడు చదివాను. రెండు చోట్ల ఆగి మళ్లీ అందుకున్నాను. పిల్లవాడు అమ్మ ఒళ్లో పోయాడని నాకు ఇప్పటిదాకా తెలియదు. మీరిద్దరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాలన్న విన్నాడు. కాగితం ఇమ్మని తీసుకుని మడిచి రుమాలులో పెట్టుకున్నాడు. అంతే. నేను వచ్చేశాను.

రెండు రోజులకు చోటే మియా మోటారు వనపర్తిలో ఆపి నన్ను పిలిచాడు. జేబులోంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. "బాలన్న ఇచ్చిండు. 'లోపలి గోడలకు సున్నం నేనే వేసిన, ఆరనీకె వారం వడ్తది, ఆ తర్వాత రమ్మను' అన్నడు. ఇంగొక మాట చెప్పమన్నడు. 'కోడలు పిల్ల పేరు బాలనాగమ్మ అని ఆమెతోని చెప్పు' అన్నడు" అన్నాడు.

పోయి చూసి వచ్చాను. పొయ్యి మీద గోడకు చిల్లు కొట్టి పొగ పోయేదానికి రేకు గొట్టం పెట్టాడు. నేను అడగలేదు.

ఏడో నెల పడకముందే బయలుదేరండి. విజయదశమి పోయిన మర్నాడు గద్వాలలో రైలెక్కండి. అమ్మ కూడా వస్తానన్నదని చోటే మియా చెప్పాడు, చాలా సంతోషం. వనపర్తి రోడ్డు స్టేషన్‌లో నేను ముందు రోజే వచ్చి కూర్చుంటాను. ఈసారి రైలు కంటే ముందే ఉంటాను.

రుబ్బురోలు లేదు. అది తేవద్దు, ఇక్కడే సంపాదిస్తాను.

భీమన్న


గోపాల్‌పేట
పుష్య శుద్ధ ద్వాదశి, శుక్రవారం పొద్దున

బావకు.

చోటే మియా మోటారు ఆగి ఉంది. బొగ్గు పోసుకునేలోపల రాసి ఇవ్వాలి. అత్త పడుకొమ్మని అరుస్తున్నది.

ఆడపిల్ల. పొద్దు పొడిచే వేళ పుట్టింది. నేను బాగున్నాను. అది బాగుంది. గట్టిగా ఏడ్చింది, పాలు పట్టింది, ఇప్పుడు నిద్రపోతున్నది.

మూడు నెలలుగా రోజూ సాయంత్రం ఇంటికి వచ్చినవాడివి, నిన్న ఒక్కనాడే రాలేదు. డాక్టర్ సాబు ఎవరికో ఒళ్లు తెలియకుండా ఉందని నిన్ను ఆపాడని చోటే మియా వచ్చి చెప్పాడు. అప్పటికే నాకు నడుములో నొప్పిగా ఉంది. భయపడతాననుకున్నాను. నువ్వు మోటారంత దూరంలోనే ఉన్నావు కదా అనుకుంటే భయం రాలేదు. ఈ ఊరి మంత్రసాని బుజ్జమ్మ, అత్త ఇద్దరూ నా పక్కనే ఉన్నారు.

బాలన్న మామ ఊరవతలికి పోలేదు. బయట బొగ్గు బస్తాల మీద కూర్చున్నాడట. బిడ్డ ఏడుపు వినపడగానే తలుపు దగ్గరికి వచ్చి, "ఇద్దరూ?" అని అడిగాడు. బుజ్జమ్మ, "ఇద్దరూ మంచిగున్నరు" అంది. మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. నేను లోపల పడుకుని రెండుసార్లూ విన్నాను. కాసేపటికి కొలిమిలో సమ్మెట చప్పుడు మొదలైంది. ఇంత పొద్దున ఏం పనో అని అత్త చూసి వచ్చింది. ఊయలకు కొక్కేలు కొడుతున్నాడట.

నడిచి రావద్దు. సాయంత్రం మోటారుకే రా.

జములమ్మ


నాగర్‌కర్నూల్
అదే శుక్రవారం, మధ్యాహ్నం

జములమ్మకు.

చోటే మియా మోటారు స్టాండుకు తీసుకుపోకుండా నేరుగా ఆస్పత్రి ముందర ఆపి, లోపలున్న జనమంతా బయటికి వచ్చేదాకా హారన్ కొట్టాడు. నీ కాగితం నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను.

నిన్నటి రోగికి నయమైంది. డాక్టర్ సాబు నీ సంగతి విని, "ఇంకేం చేస్తవు ఇక్కడ, పో" అన్నాడు. సోమవారం దాకా రావద్దన్నాడు. పోదామంటే మోటారు మూడు గంటలకు గానీ కదలదు. నడుద్దామంటే నువ్వు వద్దన్నావు. నడిచినా మోటారే ముందు చేరుతుందని చోటే మియా నవ్వుతున్నాడు. చేతులు ఊరికే ఉండడం లేదు. సీసాలన్నీ కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

రాయడానికి పెద్ద సంగతులేమీ లేవు. మెత్తటి గుడ్డ రెండు గజాలు సంపాదించాను. ఈ రోజుల్లో గుడ్డ దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆస్పత్రికి వచ్చే ఒక దర్జీ, ఆడపిల్ల అనగానే లోపలికి పోయి తెచ్చి ఇచ్చాడు. అమ్మకు తమలపాకులు తీసుకున్నాను. బుజ్జమ్మకు ఏం ఇవ్వాలో అమ్మనే అడుగుతాను.

ఇన్నేళ్లుగా నీకు రాసినవన్నీ పోస్టు డబ్బాలో వేసి, ఎప్పుడు అందుతాయో, చదివి ఏమనుకుంటావో అని రోజులు లెక్కపెట్టుకున్నాను. దీన్ని డబ్బాలో వెయ్యను. జేబులో పెట్టుకుని వస్తున్నాను. నేనే నీ చేతికిస్తాను. పిల్ల నిద్రపోతుంటే మెల్లగా చదువు, నేను పక్కనే కూర్చుని ఉంటాను.

చోటే మియా బొగ్గు రాజేస్తున్నాడు. పొగ వస్తున్నది. ఎక్కుతున్నాను.

భీమన్న